ఆ శ్లోకంలో రెండో సగం

పోయిన ధనుర్మాసంలో తిరుపతిలో ఒక కల్యాణమండపంలో ప్రవచనం వినడానికి వెళ్ళాను. వక్త పేరు అనవసరం. ఆ మాట ఆయనొక్కడిదే అయితే నేనిది రాసేవాణ్ణి కాను. గంటసేపు బాగానే నడిచింది. చివర్లో ఎవరో చీటీ పంపారు. రోగాల గురించి మన పెద్దలు చెప్పినవాటిని ఈనాటి వైద్యానికి తగ్గట్టు మార్చుకోవాలా అని ప్రశ్న. ఆయన నవ్వాడు. ఒక శ్లోకంలో మొదటి సగం రాగం తీసి చదివి అర్థం చెప్పాడు: పోయిన జన్మలో చేసిన పాపమే ఈ జన్మలో వ్యాధై పీడిస్తుందట. “ఇది శాస్త్రం. డాక్టర్లు పదేళ్ళకొకసారి మాట మారుస్తారు. ఋషి మాట మారదు” అన్నాడు. చప్పట్లు మోగాయి.

నా పక్క కుర్చీలో పీలేరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో నాలుగేళ్ళ పిల్లోడు. వాడికి పద్మావతి హృదయాలయంలో గుండె ఆపరేషన్ అయిందట. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చి, బస్సుకు ఇంకా పొద్దుందని మండపంలోకి వచ్చి కూర్చుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె వాడి చొక్కా పై గుండీ పెట్టింది. మచ్చ కనిపించకుండా.

ఆ చీటీ రాసినవారెవరో నాకు తెలియదు. వారికి దక్కాల్సిన జవాబు మాత్రం అది కాదు.

ముందు శ్లోకం సంగతి చూద్దాం. జ్యోతిష్కులూ ఆయుర్వేద వైద్యులూ ఇద్దరూ వాడుకునే శ్లోకమది. దానికి రెండో సగం ఉంది. ఆ వ్యాధి శాంతించడానికి ఏం చేయాలో అందులో అయిదు చెప్పారు: మందులు, దానాలు, జపం, హోమం, దేవతార్చన. వరస చూడండి. మందు మొదట ఉంది, పూజ చివర ఉంది. ఛందస్సు కోసం అలా కుదిరిందని ఎవరైనా అనొచ్చు. అననీ. మందు పేరెత్తకుండా ఆ శ్లోకం ముగియదన్న సంగతికి ఛందస్సుతో పనిలేదు. మొదటి సగం తప్పును రోగి నెత్తిన వేస్తుంది. రెండో సగం పనిని మన నెత్తిన పెడుతుంది. వేదికల మీద ఏ సగం దగ్గర గొంతు ఆగిపోతుందో నలభై ఏళ్ళుగా వింటున్నాను.

ఋషి మాట మారదన్నారు. ఏ ఋషి మాట? చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో, ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టే మహమ్మారుల గురించి ఆత్రేయుడు అగ్నివేశుడికి చెబుతాడు. గాలి, నీరు, నేల, కాలం చెడితే జనపదాలు నశిస్తాయంటాడు. వాటి వెనక అధర్మం ఉందనీ అంటాడు, అది దాచను. అయితే ఆ అధర్మం దేశాన్ని ఏలేవాళ్ళ దగ్గర మొదలై కిందికి పాకుతుందని ఆయన లెక్క. మంచం మీదున్న రోగిని పట్టుకుని నీ పోయిన జన్మ సంగతేమిటని అడగడు. అదే అధ్యాయంలో శిష్యుడు ఆయువు ముందే రాసిపెట్టి ఉంటుందా అని అడిగితే, అలా అయితే మంత్రాలెందుకు, ఓషధులెందుకు, మదమెక్కిన ఏనుగును చూసి పక్కకు తప్పుకోవడమెందుకు అని ఎదురు తిరుగుతాడు. మనిషి ప్రయత్నం బలమైనదైతే బలహీనమైన దైవాన్ని కొట్టేస్తుందని తేల్చి చెబుతాడు. నిదానస్థానంలో ఉన్మాదం గురించి చెబుతూ, తన తప్పు వల్ల తెచ్చుకున్న జబ్బుకు దేవతల్నీ పితరుల్నీ రాక్షసుల్నీ ఆడిపోసుకోవద్దంటాడు. చరకుణ్ణి హేతువాదిని చేసే ఉద్దేశం నాకు లేదు. అదే గ్రంథంలో భూతోన్మాదమూ ఉంది, మంత్రమూ మణీ చికిత్సలో భాగాలే. కానీ వేల ఏళ్ళనాడు వాళ్ళు తేల్చకుండా వాదించుకున్న విషయాన్ని, తేలిపోయిందని మనకు అమ్మజూపితే ఊరుకోవాల్సిన పని లేదు.

ఋషుల్లో ఒక మాట మీద గట్టిగా నిలబడినవాడు కావాలంటే మనువు ఉన్నాడు. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో పాపాలకూ రోగాలకూ ఒక పట్టీ ఉంది. బంగారం దొంగిలించినవాడికి గోళ్ళ జబ్బు. సురాపానం చేసినవాడికి నల్లటి పళ్ళు. బ్రాహ్మణుణ్ణి చంపినవాడికి క్షయ. ఈ పట్టీ చేతబట్టుకుని మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరానికి వెళ్దాం. 1915 నుంచి అక్కడి శానిటోరియంలో పడకల మీద దగ్గుతూ గడిపినవాళ్ళంతా పోయిన జన్మలో బ్రాహ్మణ హంతకులేనా? ఆ లెక్కన ఈ దేశంలో బ్రాహ్మణులు మిగలకూడదు. పైగా క్షయ బ్రాహ్మణుల్నీ వదల్లేదు. కోఖ్ ఆ క్రిమిని కనిపెట్టింది 1882లో. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు తొలిగా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇవాళ మన జిల్లాలో పుట్టిన బిడ్డ ఎడమ భుజం మీద ఆ చిన్న మచ్చ వేయించని ఇల్లు చూపించండి. ప్రవచనకర్త ఇంటితో సహా.

డాక్టర్లు మాట మారుస్తారన్నది నిజమే. అది తిట్టు అనుకుని అన్నాడాయన. క్షయకు శానిటోరియమే గతి, ఎత్తయిన చోట చల్లటి గాలిలో నెలల తరబడి పడుకోవాల్సిందేనని ఒకనాడు డాక్టర్లే చెప్పారు. మద్రాసులో 1956లో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగుల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంలో ఉంచీ, ఇంకో జట్టును వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచీ ఒకే మందులిచ్చి చూసింది. ఇంటి దగ్గర మింగినవాళ్ళకూ ఇంచుమించు అంతే నయమైంది. 1959లో ఆ ఫలితం ప్రకటించారు. పడక దొరకని కూలివాడు బతికిపోయింది డాక్టర్లు ఆ మాట మార్చినందుకే.

మన ధర్మశాస్త్రం మాత్రం మారలేదా? నయంకాని రోగమున్నవాడికీ, గుడ్డివాడికీ, కుంటివాడికీ, పిచ్చివాడికీ ఆస్తిలో వాటా లేదు, తిండీ బట్టా ఇస్తే చాలని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. మితాక్షర ఆ మాటనే వివరించింది, కోర్టులూ దాన్నే అమలుచేశాయి. 1928 చట్టం ఆ పట్టీలో చాలా వరకు కొట్టేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ రోగమో అంగవైకల్యమో చూపించి వాటా ఎగ్గొట్టడానికి వీల్లేదని పూర్తిగా తేల్చింది. కుష్ఠు ఉందని విడాకులడిగే దారిని 2019లో మూసేశారు. ఇన్ని మార్పులకు అలిపిరి మెట్లలో ఒక్క రాయి కదల్లేదు. ‘మారదు’ అంటున్న పెద్దమనుషుల్లో ఎంతమంది తమ ఇంట్లో చూపులేని తమ్ముడికి వాటా ఇవ్వకుండా మితాక్షర చూపించగలరు?

కొండ మీది స్వామి కథ వాళ్ళకంటే నాకు బాగా తెలుసనను. కానీ పుట్టలో ఉన్న శ్రీనివాసుడి తల మీద గొల్లవాడి గొడ్డలి దెబ్బ తగిలాక ఆయన ఏం చేశాడని మనకు చెప్పారు? మూలికల కోసం అడవంతా తిరిగాడు, అలా తిరుగుతూనే వకుళమాత ఆశ్రమం చేరాడు. పాపం పండిందని కూర్చోలేదు. అనంతాళ్వారు విసిరిన గునపం గడ్డానికి తగిలి రక్తం కారితే పచ్చకర్పూరం అద్దారు. ఆ గునపం ఇవాళ్టికీ మహాద్వారంలో వేలాడుతోంది, ఆ గడ్డం మీద ఇవాళ్టికీ కర్పూరం ఉంది. దెబ్బ తగిలిన చోట మందు పెట్టడం రోజూ జరిగే కైంకర్యమైపోయిన గుడి ఇది. హుండీలో పడే డబ్బులో కొంత డయాలసిస్ గొట్టాల్లోకీ, పోలియో వచ్చిన కాళ్ళను నిలబెట్టే శస్త్రచికిత్సల్లోకీ వెళ్తోంది. గుడి నడిపే ఆసుపత్రుల్లో బర్డ్ 1985 నాటిది, స్విమ్స్ 1993 నుంచి రోగుల్ని చూస్తోంది, పసిగుండెల ఆసుపత్రి 2021 అక్టోబరులో తెరిచారు. కర్మను అనుభవించనివ్వాలనే సిద్ధాంతమే గుడిదైతే ఇన్ని పడకలు దేనికి?

2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. సుప్రభాతం ఆగలేదు, తోమాల ఆగలేదు, అర్చకులు అన్నీ ఏకాంతంగా నడిపారు. ఆ సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలూ ఏకాంతమే. మాడవీధుల్లో జనసముద్రం మీద తేలాల్సిన గరుడ వాహనం గుడి లోపలే ఉండిపోయింది. తిరుచానూరు పద్మావతి నిలయం యాత్రికుల గదుల్లో కోవిడ్ రోగులు పడుకున్నారు. దీనికి ఎవరూ కొత్త శాస్త్రం రాయలేదు. ఆగమం తెలిసినవాళ్ళే, ఆగమం ఒప్పుకునే దారి వెతికి తలుపు వేశారు. మారాలా వద్దా అని మండపాల్లో చర్చిస్తుండగానే మార్పు గర్భగుడి దాకా వెళ్ళి వచ్చేసింది.

ఇదంతా గ్రంథాల మాట, కొండ మీది మాట. కొండ కింద ఇంకో సంప్రదాయం ఉంది. దాన్ని ప్రవచనకర్తలు లెక్కలోకి తీసుకోరు, హేతువాదులు సరిగ్గా చూడరు.

నాకు ఏడేళ్ళప్పుడు ఆటలమ్మ పోసింది. మా అవ్వ గడపకు వేపమండలు కట్టింది. ఇంట్లో తాలింపు మానేశారు. వేపాకు పరిచిన చాప మీద నన్ను పడుకోబెట్టి, రెండు చేతులూ జోడించి “తల్లీ” అని పిలిచింది. నేను మగపిల్లాణ్ణి. మా అన్న పకపకా నవ్వితే వాడి వీపు మీద ఒకటి పడింది. నేను మజ్జిగ అడిగితే అమ్మవారు అడిగినట్టే. దురద పెట్టి నేను ఏడిస్తే అవ్వ క్షమించమని దండం పెట్టేది. నువ్వు పోయిన జన్మలో ఏం చేశావురా అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. దేవత వచ్చి కూర్చున్న ఒంటిని పట్టుకుని పాపి అని ఎలా అంటారు? నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపాక నేను మళ్ళీ మామూలు వెధవనయ్యాను. నిజం చెప్పాలంటే కొంచెం బాధేసింది.

సంప్రదాయం అనే ఒక్క మాట కింద ఈ రెండూ ఉన్నాయి. రోగిని దేవతను చేసిన మా అవ్వా ఉంది, రోగిని ముద్దాయిని చేసిన ప్రవచనమూ ఉంది. ఋషి మాట అంటూ రెండోదాన్ని మాత్రమే మైకులో వినిపిస్తే మా అవ్వకు అన్యాయం జరుగుతుంది.

అలాగని అవ్వను అటకెక్కించి పూజించను. తల్లి ఒంటి మీదున్నప్పుడు సూది వేస్తే ఆమెకు కోపం వస్తుందని మా వీధిలో గట్టి నమ్మకం. తట్టు వచ్చిన ఒక బిడ్డకు ఆయాసం మొదలైనా ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఆ బిడ్డ దక్కలేదు. ఆ ఇంటికీ వేపమండలు కట్టే ఉన్నాయి. ఈ నమ్మకం మారి తీరాల్సిందే, మారింది కూడా. ఏ పీఠాధిపతీ ప్రకటన ఇవ్వలేదు. 2017లో తట్టు, రుబెల్లా టీకా వచ్చినప్పుడు బళ్ళ దగ్గర వరసలో నిలబడిన తల్లుల్లో గంగమ్మకు పొంగళ్ళు పెట్టేవాళ్ళే ఎక్కువ. టీకా మీద అమ్మవారికి కోపం లేదని వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు.

మశూచి పోయింది కదా, ఇంకా గంగమ్మ జాతరెందుకని మా మిత్రుడొకాయన ప్రతి మే నెలా అడుగుతాడు. దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది, 1980లో లోకమంతటా పోయిందని ప్రకటించారు, అదీ ఆయన లెక్క. తాతయ్యగుంట జాతరను ఆయన కళ్ళతో చూసి ఉండడు. అక్కడ నడిచేది పాలెగాడి కథ. ఊరి ఆడపిల్లల మీద చెయ్యి వేసినవాణ్ణి వెతికి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు, ఇలా వారం రోజులూ ఊరు ఊరంతా ఆ వేషాలు కడుతుంది. మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి పూలు పెట్టుకుంటారు. ఆమెకు ఎండాకాలపు పొక్కులతో సంబంధం ఉంది, వానతో ఉంది, పిల్లల మేలుతో ఉంది. మశూచి ఆమె కొలువులో ఒక జవాను మాత్రమే. జవాను చచ్చిపోతే కొలువు ఎత్తేస్తారా? ఆ పాలెగాళ్ళయితే ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

ఈయనకు పూర్తిగా ఎదురు వర్గం ఒకటి వాట్సాప్‌లో ఉంటుంది. వాళ్ళకు జాతర చాటింపు అంటే ఆనాటి క్వారంటైన్. చాటింపు వేశాక ఊరు విడిచి పోకూడదంటారు కదా, అదీ రుజువు. వేపాకు యాంటీబయాటిక్, పసుపు శానిటైజర్. మన పూర్వులకు అన్నీ తెలుసు, కాబట్టి మారాల్సిందేమీ లేదు. చూడటానికి ఇది సైన్సును గౌరవించినట్టుంటుంది గానీ, నా దృష్టిలో ప్రవచనకర్త మాటకంటే ఇదే ఎక్కువ జారుడు. కొత్త విషయం నేర్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా అది మన దగ్గర ముందే ఉందని నిరూపించాలంటే, ఉన్నట్టు కల్పించాల్సి వస్తుంది. ఈ పని మనకంటే ముందు ఒక తెల్లదొర చేశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో చూపించినందుకు మనం పొగిడే ఎల్లిస్, మద్రాసు జనం గోమశూచి టీకాకు జడుస్తున్నారని, ధన్వంతరికి సాక్షాత్తూ శక్తే ఆ టీకా మహిమ చెబుతున్నట్టు ఒక కథ అల్లాడు. ఉద్దేశం మంచిదే. అబద్ధం అబద్ధమే. రెండు వందల ఏళ్ళ తర్వాత మా తల్లులు ఏ దొంగ శ్లోకమూ లేకుండానే పిల్లలకు టీకాలు వేయించుకుంటున్నారు.

పాప సిద్ధాంతం వల్ల నష్టమేమిటి, మనసుకు ఓదార్పే కదా అంటారు కొందరు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. ట్యాంకరు రావడం ఆలస్యమైందని అధికారులు చెప్పారు. ఆ పదకొండు మందిదీ ఏ జన్మ పాపం? పాపం అనేశామా, ట్యాంకరు ఎందుకు ఆలస్యమైందని అడిగే నోరు మూతపడుతుంది. ఓదార్పు ఎవరికి దక్కుతోందో చూసుకోండి.

మనసు జబ్బుల దగ్గర ఈ సిద్ధాంతం ఇంకా క్రూరంగా పనిచేస్తుంది. గాలి సోకిందని, గ్రహం పట్టిందని మన జిల్లా నుంచి షోలింగర్ కొండకు తీసుకెళ్ళే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళను ఎగతాళి చేయను. తమిళనాడులో ఒక గుడిలో వారాల తరబడి ఉన్న మానసిక రోగుల్ని నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి, మందులేమీ లేకపోయినా వాళ్ళలో తీవ్రత దాదాపు ఐదో వంతు తగ్గిందని 2002లో రాశారు. తిట్టకుండా కొట్టకుండా అన్నం పెట్టి పని చెప్పే చోటు మనిషికి మేలు చేస్తుంది. ఆ మేలు గుడిదే, ఒప్పుకుందాం. కానీ దానికి ముందు ఏడాది ఆగస్టులో ఎర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు మంటల్లో కాలిపోయారు. పారిపోవడానికి వాళ్ళ కాళ్ళు వాళ్ళవి కావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ గొలుసు వేయడాన్ని నిషేధించింది. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో ముజావర్లే దువా చేసి, రోగిని పక్కనున్న సైకియాట్రిస్టు దగ్గరికి పంపే పద్ధతి పెట్టుకున్నారు. దువాకు పరువేమీ తగ్గలేదు.

2021 జనవరిలో మదనపల్లెలో ఒక చదువుకున్న ఇంట్లో కన్నవాళ్ళే కూతుళ్ళిద్దర్నీ చంపిన ఘోరాన్ని మనమెవరం మరిచిపోలేదు. మతం వల్లే అని ఒకరు, అది మతమే కాదని ఇంకొకరు వారం రోజులు టీవీల్లో అరిచారు. ఆ ఇంట్లో అంతకుముందు ముదిరి ఉండగల జబ్బును జబ్బుగా గుర్తుపట్టే కన్ను చుట్టుపక్కల ఎవరికైనా ఉందా అన్న ప్రశ్న ఆ అరుపుల్లో వినబడలేదు. భక్తి ఎక్కడ ఆగిందో, జబ్బు ఎక్కడ మొదలైందో ఒక పూజారికి తెలిసి ఉంటే, ఇది నా పని కాదమ్మా, ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్ళండని చెప్పగలిగితే, ఆ చీటీ అడిగిన మార్పు అదే. దానికి ఒక్క మంత్రం కూడా తీసేయనక్కర్లేదు.

ప్రవచనం అయ్యాక మండపం మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుంటే ఆ తల్లి మళ్ళీ కనిపించింది. ఊరుకోలేక, “ఆయన చెప్పింది మనసులో పెట్టుకోవద్దమ్మా” అన్నాను.

“మా అత్త ఆయన కన్నా ముందే అనేసింది అయ్యోరా. నా పాపమే బిడ్డకు తగిలిందని. కొత్తేముండాది?” అంది. పిల్లోడు కిందికి దూకుతానని గింజుకుంటున్నాడు. దించింది.

ఇక్కణ్ణించి కాణిపాకం పోయి మొక్కు తీర్చుకుని ఊరికి వెళ్తారట. పొద్దున్నే అక్కడ దిగి ఆ తర్వాత తిరుపతికి వచ్చి ఉండొచ్చు కదా అన్నాను, మాట వరసకు.

“డాక్టరు ఈ తారీకుకే రమ్మన్నాడు. సామి ఎప్పుడైనా రమ్మన్నాడు” అంటూ వాడి చెయ్యి పట్టుకుంది. “అందుకే ముందు డాక్టరు కాడికి వచ్చినాం.”